యాప్‌కు డబ్బు కడితే హోటల్లో పాటలు పెట్టుకోవచ్చా?

నల్లగొండలో హోటళ్లకు, షాపులకు లైసెన్సుల పని చూస్తుంటాను. ఫుడ్ లైసెన్సు, ట్రేడ్ లైసెన్సు గురించి ముందే అడుగుతారు. పాటల సంగతి మాత్రం పాటల హక్కులున్న సంస్థల నుంచి నోటీసు వచ్చాకే గుర్తొస్తుంది.

నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద హోటల్ నడిపే ఒకాయన మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, యాప్‌కు నెలనెలా పైసలు కడుతనే ఉన్న. మల్ల వీళ్లకెందుకు కట్టాలె? జైల్ల ఏస్తరా?" పాపం, గొంతు వణుకుతోంది.

ఎక్కువమందిని ముంచుతున్న అపోహ ఇదే. యూట్యూబ్ ప్రీమియం, స్పాటిఫై లాంటివాటికి కట్టే డబ్బు మీరు సొంతంగా వినడానికి మాత్రమే. వాటి షరతుల్లోనే ఆ మాట ఉంది. హోటల్‌కు వచ్చినవాళ్లకు వినిపిస్తే 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో అది ప్రజలకు వినిపించడం. దానికి వేరే లైసెన్సు కావాలి. చిన్న షాపే కదా, సౌండు తక్కువే కదా అంటే చట్టం ఒప్పుకోదు.

ఇంకో చిక్కు. ఒక్క పాటలో సాహిత్యం, బాణీ హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. మొదటిదానికి లైసెన్సు ఇచ్చేది పాటల రచయితలు, సంగీత దర్శకుల తరఫు సంస్థ ఐపీఆర్ఎస్. రెండోది ఆడియో కంపెనీలది, లేదా వాళ్ల తరఫు సంస్థలది. ఒకరిచ్చిన రశీదు ఇంకొకరి దగ్గర చెల్లదు.

నోటీసు అంటే కోర్టు తీర్పు కాదు, టెన్షన్ పడి చేతికి క్యాష్ ఇవ్వకండి. మిర్యాలగూడలో ఒక బట్టల షాపాయన కౌంటర్ దగ్గరికి వచ్చిన మనిషికి 8 వేలు ఇచ్చేశాడు. రశీదు లేదు, ఏ పాటలకో తెలియదు. తర్వాత అసలు నోటీసు వచ్చింది. ఒక్కమాట ముందే అడిగి ఉంటే ఆపేవాణ్ణని ఇప్పటికీ బాధే. ఏ పాటల మీద హక్కుంది, దానికి కాగితమేది, రేట్ల పట్టిక ఏది అని అడగండి. బ్యాంకు ద్వారానే కట్టి, షాపు పేరున రశీదు తీసుకోండి. అలాగని నోటీసును డ్రాయర్‌లో పడేయొద్దు. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి.

పెళ్లిలో పాటలకూ లైసెన్సు కావాలని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మొద్దు. బరాత్‌కు, పెళ్లి వేడుకలకు సెక్షన్ 52లో మినహాయింపు ఉంది. అదే ఫంక్షన్ హాల్లో కంపెనీ పార్టీకి, న్యూ ఇయర్ ప్రోగ్రాంకు అది వర్తించదు. పాత పాటలు ఫ్రీ అన్నదీ తప్పే. రికార్డింగ్‌కు 60 ఏళ్లు, రాసినవారికి, బాణీ కట్టినవారికి వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు హక్కుంటుంది.

నార్కట్‌పల్లి ఆయన ప్రస్తుతానికి స్పీకర్లు ఆపేశాడు. రేటు అడగడానికి సీట్లు లెక్కపెట్టి పంపమన్నాను. పొద్దున్నే 62 అని మెసేజ్ పెట్టాడు.