రెపో తగ్గింది, మరి నా ఈఎంఐ ఎందుకు తగ్గలేదు?

రిజర్వ్ బ్యాంక్ రేటు తగ్గించిన మర్నాడు బ్యాంకులో ఇంటి లోన్ల సీటులో ఉన్న మాలాంటివాళ్లకి వేరే పని సాగదు. "పావు శాతం తగ్గిందట కదండీ, ఈ నెల నుంచి నాకెంత తగ్గుతుంది?" అంటూ ఒకరి తర్వాత ఒకరు వస్తారు, రాలేనివాళ్లు ఫోన్ చేస్తారు. 2025లో ఈ తంతు ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, డిసెంబర్ నెలల్లో నడిచింది. 6.50 శాతం ఉన్న రెపో, అంటే బ్యాంకులకి రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే అప్పు మీద వడ్డీ, ఆ ఏడాదిలో 5.25కి దిగింది. అడగడానికి వచ్చినవాళ్లలో కొందరికి నిజంగానే వడ్డీ తగ్గింది. కొందరికి పైసా తగ్గలేదు. ఇంకొందరికి తగ్గింది గానీ తగ్గినట్టు వాళ్లకే తెలియలేదు. అందరూ చదివి వచ్చింది మాత్రం ఒకటే వాట్సాప్ మెసేజ్: "హోమ్ లోన్ ఉన్నవారికి శుభవార్త!"

అపోహ: రెపో తగ్గితే నా లోన్ వడ్డీ దానంతట అదే తగ్గిపోతుంది.

ముందు మీ శాంక్షన్ లెటర్ తీయండి. బీరువాలో డాక్యుమెంట్ల కవర్‌లోనే ఉంటుంది, చాలామంది సంతకం పెట్టిన రోజు తర్వాత దాన్ని చూసి ఉండరు. అందులో మీ వడ్డీని దేనికి ముడిపెట్టారో రాసి ఉంటుంది. రిజర్వ్ బ్యాంక్ చెప్పింది మీ ఇంటిదాకా వస్తుందా రాదా అనేది ఆ ఒక్క లైన్ మీదే ఉంటుంది.

2019 అక్టోబర్ 1 తర్వాత బ్యాంకులో ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) మీద తీసుకున్న ఇంటి లోన్ అయితే అది బ్యాంకు చేతిలో లేని బయటి బెంచ్‌మార్క్‌కి, ఎక్కువ భాగం రెపోకే, ముడిపడి ఉంటుంది. కనీసం మూడు నెలలకోసారి రీసెట్ చేయాలి, అంటే దానికి తగ్గట్టు మీ వడ్డీని సవరించాలి. కాబట్టి ఆలస్యమైనా మార్పు వస్తుంది. అంతకుముందు తీసుకున్నదయితే ఎంసీఎల్ఆర్ కావచ్చు, 2016 ఏప్రిల్ కంటే పాతదయితే బేస్ రేటు కావచ్చు. 2010 కంటే ముందువి, బీపీఎల్ఆర్ అనే ఇంకా పాత లెక్క మీద ఉన్నవి కూడా ఇప్పటికీ ఒకటీ అరా కనిపిస్తుంటాయి. ఎంసీఎల్ఆర్ అనేది బ్యాంకు తన డిపాజిట్ల ఖర్చు చూసుకుని వేసుకునే లెక్క. రెపో తగ్గిన వెంటనే పాత ఎఫ్‌డీల మీద బ్యాంకు కట్టే వడ్డీ తగ్గదు కదా, అందుకని ఇదీ నిదానంగానే కదులుతుంది. పైగా ఆ లోన్లలో రీసెట్ తరచూ ఏడాదికోసారే. మీ రీసెట్ తేదీ మార్చిలో ఉండి రేటు ఏప్రిల్‌లో తగ్గితే మళ్లీ మార్చి దాకా ఎదురుచూడాల్సిందే.

మీ లోన్ బ్యాంకుది కాకుండా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీదయితే 2019 నాటి ఆ నిబంధన వాళ్లకి వర్తించదు. వాళ్లు తామే వేసుకునే ప్రైమ్ రేటు ఒకటి ఉంటుంది. తగ్గించడం, తగ్గించకపోవడం చాలావరకు వాళ్ల ఇష్టం.

మా మేనత్త కొడుకు అలాంటి కంపెనీ ఒకదాని దగ్గర 2018లో హైదరాబాద్‌లో ఫ్లాట్‌కి లోన్ తీసుకున్నాడు. రేటు తగ్గినప్పుడల్లా నాకు ఫోన్ చేసి "ఈసారైనా నాకు తగ్గుతుందంటావా బావా?" అంటాడు. ప్రతిసారీ నేను చెప్పేది ఒకటే: "వాళ్ల బ్రాంచికి వెళ్లి అడుగు." ఏళ్ల తరబడి వెళ్లలేదు. ఒకరోజు మా అక్క వాళ్లింట్లో పెళ్లి చూపుల దగ్గర ఇద్దరం కూర్చుని అతని ఫోన్‌లో లోన్ స్టేట్‌మెంట్ తెరిచాం. అదే కంపెనీ కొత్తవాళ్లకి ఇస్తానని ప్రకటనల్లో వేసుకుంటున్న రేటు కంటే వీడు ఒక శాతానికి పైగా ఎక్కువ కడుతున్నాడు. ఆ తర్వాత వెళ్లి కాగితం మీద రాసిచ్చాడు, రేటు మార్చడానికి ఏవో కన్వర్షన్ చార్జీలు కట్టాడు, రేటు తగ్గింది. అడిగితే తగ్గేదాన్ని అన్నేళ్లు అడక్కుండా కట్టాడు. ఈ రంగంలో నేను చూసే నష్టాల్లో ఎక్కువ భాగం ఇదే రకం, అందుకే ఇంత సేపు చెబుతున్నాను.

ఇందులోనే ఇంకో భాగం ఉంది, అది ఇంకా ఖరీదైనది. రేటు పెరిగినప్పుడు చాలామందికి ఈఎంఐ పెరగలేదు. "హమ్మయ్య, నాకేం పెరగలేదు" అనుకున్నారు. పెరిగింది గడువు.

లెక్క చూడండి. 30 లక్షలు, 20 ఏళ్లు, 7 శాతం. ఈఎంఐ దాదాపు 23,260 రూపాయలు. రెపో 4 శాతంలో ఉన్న రోజుల్లో ఇలాంటి లోన్లు చాలా ఇచ్చాం. రెండేళ్లు కట్టాక అసలు ఇంకా 28.5 లక్షలు ఉంటుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రెండున్నర శాతం పెరిగింది, మీ వడ్డీ 9.5 అయ్యింది. ఇప్పుడు నెల వడ్డీయే సుమారు 22,580. అదే ఈఎంఐ ఉంచేస్తే అసలులోకి పోయేది నెలకి 680 రూపాయలు! మిగిలి ఉండాల్సిన 18 ఏళ్లు 37 ఏళ్లు దాటిపోతాయి. అలాకాకుండా ఈఎంఐని 27,600కి పెంచుకుని ఉంటే అదే 18 ఏళ్లలో తీరిపోయేది. రేటు అక్కడే ఉండిపోతుందనుకుంటే ఈ రెండు దారులకీ మధ్య తేడా 44 లక్షల పైచిలుకు. ఇల్లు కొనడానికి తీసుకున్న అప్పు కంటే ఎక్కువ.

అదృష్టవశాత్తూ రేటు అక్కడ ఉండిపోలేదు. 2025లో తగ్గిన 1.25 శాతం మొత్తం కలిసొచ్చి వడ్డీ 8.25కి దిగినా, ఈఎంఐ ముట్టుకోనివాళ్లకి ఇంకా దాదాపు 22 ఏళ్లు మిగిలి ఉంటుంది. మొదట అనుకున్న లెక్క ప్రకారం అప్పటికి 15 ఏళ్లే ఉండాలి. వయసు మీరినవాళ్లకి గడువు అంత సాగదియ్యడం కుదరదు కాబట్టి బ్యాంకు ఏదో ఒక దశలో ఈఎంఐ పెంచక తప్పదు. ఆ ఉత్తరం చేతికందిన రోజు మా సీటు దగ్గరికి వచ్చేవాళ్ల మొహాలు చూడలేం. తప్పు వాళ్లది కాదు. చాలాచోట్ల గడువు మారిందన్న సంగతి ఒక ఎస్ఎంఎస్‌తో సరిపెట్టేశారు, అదీ ఓటీపీల మధ్య కలిసిపోయింది.

ఇలాంటి ఫిర్యాదులు పెరిగాకే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధనలు తెచ్చింది. ఇవి హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకీ వర్తిస్తాయి. వడ్డీ రీసెట్ అయినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంత కొంత పెంచుకుంటారా అని మిమ్మల్ని అడగాలి. ఫిక్స్‌డ్ రేటుకి మారే అవకాశం కూడా ఇవ్వాలన్నారు గానీ, 2025 అక్టోబర్ నుంచి దాన్ని బ్యాంకుల ఇష్టానికి వదిలేశారు. మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్‌లో కట్టిన అసలు, వడ్డీ, మిగిలిన వాయిదాలు, ఏడాది వడ్డీ రేటు చూపించాలి. వడ్డీకి కూడా చాలని ఈఎంఐ ఉంచకూడదు. ఇది మీ హక్కు, బ్రాంచి వాళ్లు చేసిపెట్టే సాయం కాదు. నా తోటివాళ్లు కొందరికి ఈ మాట నచ్చదని తెలుసు.

రేటు తగ్గేటప్పుడు ఇదే తిరగబడుతుంది. ఈఎంఐ అలాగే ఉండి గడువు తగ్గుతుంది. "నాకు తగ్గలేదు" అని కోపంగా వచ్చినవాళ్లలో కొందరికి వాయిదాలు పదులకొద్దీ తగ్గిపోయి ఉంటాయి. కాబట్టి ఖాతాలోంచి కట్ అయ్యే మొత్తం ఒక్కటే చూసి ఏమీ తేల్చుకోకండి. మిగిలిన నెలలెన్నో చూడండి.

స్ప్రెడ్ సంగతి కూడా ఒక ముక్క. మీ వడ్డీ అంటే రెపో, దాని మీద బ్యాంకు అదనంగా వేసుకున్న శాతం, అదే స్ప్రెడ్. రెపో అందరికీ ఒకటే, 5.25 అనుకోండి. స్ప్రెడ్ మాత్రం మీరు లోన్ తీసుకున్న రోజు మీ సిబిల్ స్కోరు, అప్పటి పోటీని బట్టి పడుతుంది. మీకు 3.5 ఉంటే 8.75 కడతారు, మొన్న లోన్ తీసుకున్న పక్కింటాయనకి 2.5 ఉంటే 7.75 కడతాడు. రిజర్వ్ బ్యాంక్ ఎన్నిసార్లు తగ్గించినా మీ ఇద్దరి మధ్య ఆ తేడా అలాగే ఉంటుంది. స్ప్రెడ్‌లో కొన్ని భాగాలను మూడేళ్లకోసారే మార్చాలని ఒక నిబంధన ఉండేది. తగ్గించడానికయితే ఆగక్కర్లేదని 2025 అక్టోబర్ నుంచి సడలించారు. "మూడేళ్లు కాలేదండీ" అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుచేయండి.

ఒప్పుకోకపోతే వేరే బ్యాంకుకి లోన్ మార్చుకునే దారి, టేకోవర్, ఉంది. ఫ్లోటింగ్ ఇంటి లోన్ వ్యక్తుల పేరు మీద ఉంటే ముందే తీర్చేసినందుకు పెనాల్టీ వేయకూడదు. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, ఎంఓడీ (దస్తావేజులు తనఖా పెట్టినట్టు రాసే పత్రం) రిజిస్ట్రేషన్ ఖర్చులు మాత్రం లెక్కేసుకోండి. ఇంకో మూడు నాలుగేళ్లలో తీరిపోయే అప్పుని పావు శాతం కోసం మార్చడం దండగ.

అపోహ: వచ్చే మీటింగ్‌లో ఎలాగూ తగ్గిస్తారు, అప్పుడు చూద్దాం.

ఈ మాటతోనే కాలం గడిపేస్తారు. రేటు ఏ దారిన పోతుందో ముందే తెలిసినవాళ్లు ఎవరూ లేరు, రేటు నిర్ణయించేవాళ్లతో సహా. ఆరుగురి కమిటీ ఓటు వేస్తుంది: రిజర్వ్ బ్యాంక్ నుంచి గవర్నర్‌తో కలిపి ముగ్గురు, కేంద్రం నియమించిన బయటివాళ్లు ముగ్గురు. ఓట్లు సమానమైతే గవర్నర్‌కి రెండో ఓటు ఉంటుంది. 2016కి ముందు నిర్ణయం గవర్నర్‌దే. మన దువ్వూరి సుబ్బారావు గారి హయాంలో 2010 మార్చి నుంచి 2011 అక్టోబర్ లోపు 13 సార్లు రేటు పెరిగింది, ఆయన్ని తిట్టుకోని పరిశ్రమ లేదు. ఇప్పుడు చట్టప్రకారం కేంద్రం లక్ష్యం పెట్టింది: ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిలో ధరలు పెరిగే వేగం, 4 శాతం, అటూ ఇటూ 2 శాతం.

ఆ లక్ష్యాన్ని పట్టుకుని పరిస్థితి ఎటు తిరిగితే అటు తిరుగుతారు. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చిలో ఒక్కసారే ముప్పావు శాతం కోశారు, మేలో 4కి దించారు. రెండేళ్లు అక్కడే ఉంచారు. ఉక్రెయిన్ యుద్ధంతో ముడి చమురు, వంటనూనెలు మండిపోయాక 2022 మే 4న, మామూలు షెడ్యూల్‌లో లేని మీటింగ్ పెట్టి మరీ పెంచారు. ఆ ఏడాది మూడు త్రైమాసికాలు వరసగా ద్రవ్యోల్బణం 6 దాటడంతో, ఎందుకు అదుపు చేయలేకపోయామో చట్టప్రకారం ప్రభుత్వానికి సంజాయిషీ ఉత్తరం రాయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో 6.50 దగ్గర ఆపినది 2025 ఫిబ్రవరి దాకా కదల్లేదు. ఆ రెండేళ్లూ ప్రతి మీటింగ్‌కీ "ఈసారి తగ్గుతుంది" అని ఎవరో ఒకరు నాకు చెబుతూనే ఉన్నారు. ఆగి ఆగి మారాల్సినవాళ్లు మారలేదు.

కూరగాయల రేట్లు పెరిగితే వెంటనే వడ్డీ పెంచేస్తారని భయపడేవాళ్లూ ఉన్నారు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లోనే టమాటా కిలో వంద దాటింది, దేశమంతా ద్రవ్యోల్బణం 7.44కి పోయింది. అయినా రెపో ముట్టుకోలేదు. వడ్డీ పెంచితే టమాటా కాయదు, కొత్త పంట వస్తే ధర అదే దిగుతుందని వాళ్లకి తెలుసు. ఆ మంట మిగతా వస్తువులకి, జీతాలకి, జనం అంచనాలకి పాకుతోందా అన్నదే చూస్తారు. 2025 అక్టోబర్‌కి ద్రవ్యోల్బణం 0.25కి పడిపోయింది, డిసెంబర్‌లో రేటు తగ్గింది. 0.25 అంటే ధరలు తగ్గాయని కాదు, ఏడాది కిందటి ధరల మీద పెరిగింది అంతేనని. ఇంట్లో ఆడవాళ్లు నమ్మకపోవడంలో తప్పేం లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"రెపో తగ్గింది, నా ఎఫ్‌డీ వడ్డీ కూడా తగ్గిపోయిందా?" లేదు. వేసిన రోజు బాండు మీద ఉన్న రేటు మెచ్యూరిటీ దాకా అదే. తగ్గేది కొత్తగా వేసేవాటికి, రెన్యూవల్‌కి. ఒక రిటైర్డ్ మాస్టారు ఏదో మెసేజ్ చూసి టెన్షన్‌తో 7.5 మీద ఉన్న డిపాజిట్ బద్దలుకొట్టి "తగ్గకముందే" మళ్లీ వేస్తానని వచ్చారు. అప్పటికి కొత్త రేటు 6.6. ముందే తీస్తే కోత కూడా పడుతుంది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపించాం.

పోస్టాఫీసు పథకాల వడ్డీ రిజర్వ్ బ్యాంక్ నిర్ణయించదు. మూడు నెలలకోసారి కేంద్ర ఆర్థిక శాఖ ప్రకటిస్తుంది.

బంగారం లోన్లు మామూలుగా ఫిక్స్‌డ్ రేటు మీదే ఉంటాయి, రెపోతో పేచీ లేదు. అక్కడ చూడాల్సింది గడువు తేదీ, వేలం నోటీసు.

పంట రుణానికి ఒక పరిమితి దాకా 7 శాతం, సమయానికి కడితే 4 పడేది కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ వల్ల. డ్వాక్రా సంఘాల సున్నా వడ్డీ రాష్ట్ర ప్రభుత్వాల పథకం. ముంబయిలో రెపో పెరిగినా తగ్గినా ఈ రెండిటికీ సంబంధం లేదు. వీటిలో ఇబ్బంది వస్తే అడగాల్సింది రాయితీ డబ్బు జమ అయ్యిందా లేదా అని, అదీ మీ బ్రాంచిలోనే.