కొరియా పియానిస్టులు, పన్నెండు గంటల ప్రాక్టీసు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో పిల్లలకు పియానో నేర్పుతాను. కొరియా కుర్రాడు లిమ్ యున్‌చాన్ వాయించిన రాఖ్‌మానినోఫ్ మూడో కాన్సర్టో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే పెద్ద రచన) వీడియో ఏదైనా వాట్సాప్ గ్రూపులో తిరిగిందంటే ఆ వారమంతా నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "మేడమ్, వాళ్ళు మూడేళ్ళకే మొదలుపెడతారట కదా, రోజుకు పన్నెండు గంటలు కూర్చుంటారట కదా, మా వాడికి ఎనిమిదేళ్ళు వచ్చేశాయి, ఇంక లాభం లేదంటారా?" గొంతులు మారతాయి గానీ ప్రశ్న అదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు అయిపోయింది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: మూడేళ్ళకే మొదలుపెట్టి, రోజుకు పన్నెండు గంటలు వాయిస్తేనే కొరియా వాళ్ళలా అవుతారు.

వయసు సంగతి తేలిక, ముందు అది తేల్చేద్దాం. లిమ్ 2004లో సియోల్‌కి దగ్గర్లోని షిహంగ్‌లో పుట్టాడు, పియానో మొదలుపెట్టింది ఏడేళ్ళకి. అమ్మానాన్నలు సంగీతం వాళ్ళు కారు. చుట్టుపక్కల పిల్లలంతా ఏదో ఒక ట్యూషన్‌కి పోతుంటే నువ్వూ ఏదైనా నేర్చుకోరా అని అమ్మ అంటే, తాముండే అపార్ట్‌మెంట్ల దగ్గర షాపుల మధ్య ఉన్న పియానో క్లాసులో చేరాడు, అంతే. 2015లో పోలండ్ రాజధాని వార్సాలో షోపాన్ పేరిట జరిగే పియానో పోటీ గెలిచిన మొదటి కొరియన్ చో సంగ్‌జిన్ మొదలుపెట్టింది ఆరేళ్ళకి. వాళ్ళ ఇంట్లోనూ సంగీతం వృత్తిగా ఉన్నవాళ్ళు లేరు.

అసలు నష్టం గంటల లెక్క దగ్గర జరుగుతోంది.

కొరియాలో వీధి వీధికీ పియానో హగ్వన్‌లు ఉంటాయి, హగ్వన్ అంటే మన ట్యూషన్ సెంటరే అనుకోండి. స్కూలు అయ్యాక పిల్లలు వారంలో చాలా రోజులు అక్కడికి వెళ్ళి కాసేపు వాయించి వస్తారు. బేయర్ అవ్వగానే చెర్నీ, పక్కన హానన్, ఇవన్నీ సాధన పుస్తకాలు. నోటుబుక్కులో పళ్ళ బొమ్మలు వేసి ఉంటాయి, ఒకసారి వాయిస్తే ఒక పండుకి రంగు వెయ్యాలి. ఒక్కసారి వాయించి మూడు పళ్ళకి రంగు వేసెయ్యడం అక్కడ పెరిగిన ప్రతివాళ్ళూ నవ్వుతూ చెప్పుకునే దొంగపని. మహావిద్వాంసుల దేశంలో కూడా పిల్లలు పిల్లలే. ఇందులో మనం నేర్చుకోవలసిందల్లా ఒకటే, కొంచెమైనా దాదాపు రోజూ వాయించడం, తప్పు వాయిస్తే అప్పుడే చెప్పే మనిషి పక్కన ఉండడం. మన దగ్గర వారానికి ఒక్క క్లాసు, మిగతా ఆరు రోజులు పిల్ల ఒక్కతే గదిలో తప్పుని బట్టీ పడుతూ ఉంటుంది.

లిమ్ గంటలకొద్దీ వాయిస్తాడు, కాదనను. అయితే ఆ గంటల్లో ఏం చేస్తాడో వినండి. షోపాన్ ఎట్యూడ్లలో (సాధన కోసం రాసిన ముక్కలు) ఓపస్ 25 ఏడోదానికి, మొదటి రెండు బార్‌ల (మన తాళంలో ఆవర్తాల లాంటివి) మీదే ఏడు గంటలు కూర్చున్నానని ఆయనే చెప్పాడు. వేగంగా పరుగెత్తేది కాదది, నెమ్మదిగా, ఎడమచెయ్యి ఒంటరిగా మొదలుపెట్టే ముక్క. పియానోలో ఒక కీ నొక్కిన క్షణం నుంచే ఆ నాదం తగ్గిపోతూ ఉంటుంది, వయొలిన్‌లా పెంచడానికి లేదు. కాబట్టి రెండో స్వరాన్ని, మొదటిది ఎంతవరకు తగ్గిందో అక్కడి నుంచి అందుకోవాలి, లేకపోతే పాట కాస్తా సుత్తి దెబ్బల వరస అయిపోతుంది. మొదటి స్వరం గుండెకి తగలకపోతే మళ్ళీ మొదటికి వస్తానని, తగిలాకే రెండోదాన్ని కలుపుతానని ఆయన లెక్క. అంటే ఆ ఏడు గంటల్లో ఎక్కువ పని చెవులది. లిస్ట్ అనే స్వరకర్త రాసిన డాంటే సొనాటా కోసమైతే లిమ్, ఇటలీ కవి డాంటే కావ్యం కొరియన్ అనువాదాలన్నీ వెతికి చదివాడు, దాదాపు నోటికి వచ్చేసిందట. అది కూడా ప్రాక్టీసే, కానీ దాన్ని టైమర్ పెట్టి కొలవలేం.

టైమర్ అంటే గుర్తొచ్చింది. నా దగ్గర తొమ్మిదేళ్ళ పాప ఒకతె ఉండేది. ఒకరోజు క్లాసుకి వచ్చి వాటర్ బాటిల్‌ని రెండు చేతులతో పట్టుకుని తాగుతోంది. చూస్తే కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర వాపు. వాళ్ళమ్మ రాత్రి షిఫ్టు ఉద్యోగం చేస్తూ, నిద్ర మానుకుని, వంటింట్లో టైమర్ తెచ్చి కీబోర్డు మీద పెట్టి మూడు గంటలు కూర్చోబెడుతోంది. ఆ మూడు గంటలూ పిల్ల వాయించింది ఎనిమిది బార్‌లు, అవి కూడా తప్పుడు వేళ్ళతో, బొటనవేలు కిందనుంచి తిప్పాల్సిన చోట మణికట్టునే పక్కకి విరిచేసి. ఆ తల్లిని నేను ఏమీ అనలేకపోయాను. ఎవరో యూట్యూబ్‌లో "కొరియన్ మెథడ్" అని చెప్పాడట, ఆవిడ నమ్మింది, పిల్ల బాగుండాలనే కదా. ఎముకల డాక్టర్ దగ్గరికి పంపాను, స్ప్లింట్ వేశారు, చాలాకాలం వాయించొద్దన్నారు. తిరిగి వచ్చాక పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు, అంతకు మించి ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ ఎనిమిది బార్‌లూ శుభ్రంగా వస్తున్నాయి.

అంతెందుకు, లిమ్‌కే 2024లో చేతి ఇబ్బంది వచ్చి యూరప్‌లో కొన్ని కచేరీలు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. నొప్పి ఉంటే ఆ పూట మూసెయ్యండి. నొప్పి ఓర్చుకుని వాయిస్తే వేళ్ళకి బలం వస్తుందనే మాట ఎవరు చెప్పినా, నా తోటి టీచర్లు చెప్పినా సరే, వినకండి.

అపోహ: పియానో గ్రేడ్ పరీక్షలు చకచకా ముగిస్తే అదే దారి.

కాదు. ఎనిమిదో గ్రేడ్, అంటే చివరి గ్రేడ్, పాసవ్వడం మంచి విషయమే, కచేరీ జీవితానికి దానితో పెద్ద సంబంధం లేదు. అక్కడ ఆర్ట్స్ స్కూళ్ళలో చేరాలంటే పిల్ల ఎదురుగా కూర్చుని వాయించాలి, సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

అపోహ: కొరియాలో ప్రభుత్వమే తయారుచేస్తుంది, మనకి ఆ అదృష్టం లేదు.

ఇందులో సగం నిజం ఉంది. 1993లో ప్రభుత్వం పెట్టిన ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, దానికి అనుబంధంగా ప్రతిభ ఉన్న పిల్లల కోసం సంస్థ ఉంది, పదమూడేళ్ళప్పుడు లిమ్‌కి సోన్ మిన్‌సూ అనే గురువు దొరికింది అక్కడే. 2023లో ఆ గురువు బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీకి మారితే శిష్యుడూ వెంట వెళ్ళాడు. బిల్డింగు ప్రభుత్వం కట్టగలదు. శిష్యుణ్ణి ఖండం దాటించేది గురువు.

అపోహ: వాళ్ళు పోటీలకు పోయేది మిలిటరీ తప్పించుకోవడానికే.

అక్కడ నిర్ణీత అంతర్జాతీయ పోటీల్లో మొదటి రెండు స్థానాల్లో వస్తే మగవాళ్ళకి తప్పనిసరైన సైనిక సేవ బదులు కొన్ని వారాల శిక్షణ, 544 గంటల స్వచ్ఛంద సేవ ఉంటాయి, అది నిజమే. కానీ చో 2009లో పదిహేనేళ్ళకే జపాన్‌లో హమమత్సు పోటీ గెలిచి ఆ వెసులుబాటు తెచ్చేసుకున్నాడు. ఆ తర్వాత కూడా 2011లో మాస్కోలో మూడో స్థానం, 2014లో టెల్ అవీవ్‌లో మూడో స్థానం, అప్పుడు వార్సా. దానికోసమే అయితే మధ్యలో ఇదంతా ఎందుకండీ?

అపోహ: ఒక్క పోటీ గెలిస్తే లైఫ్ సెటిల్.

వార్సా ఫైనల్లో చోకి జడ్జీల్లో ఎక్కువమంది 9, 10 ఇస్తే ఫిలిప్ ఆంత్రెమోన్ అనే జడ్జి పదికి 1 ఇచ్చాడు, మార్కుల పట్టీ బయటపెట్టారు, ఎవరైనా చూడొచ్చు. లిమ్ సంగతి ఇంకోటి. ఆయన గెలిచిన, అమెరికాలో జరిగే క్లైబర్న్ పియానో పోటీ 2021లో జరగాల్సింది, కోవిడ్ వల్ల 2022కి పోయింది. పద్ధెనిమిది నిండితేగానీ అందులోకి రానివ్వరు. ఏడాది ముందే జరిగి ఉంటే పదిహేడేళ్ళవాడు బయటే ఉండేవాడు.

గెలిచాక కూడా ఫోన్ మోగడం కోసం కూర్చోవడమే. 2017లో చైనా పియానిస్టు లాంగ్ లాంగ్ చేతి నొప్పితో తప్పుకుంటే చోకి బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వాయించే అవకాశం వచ్చింది. 2022 ఫిబ్రవరిలో, రష్యా ఉక్రెయిన్ మీద పడ్డప్పుడు, కార్నెగీ హాల్‌లో వియన్నా ఫిల్‌హార్మోనిక్ కచేరీ నుంచి రష్యా పియానిస్టు మత్సుయెవ్‌ని తప్పించారు. చో బెర్లిన్ నుంచి హడావుడిగా విమానం ఎక్కి న్యూయార్క్‌లో దిగి, 2019 తర్వాత ముట్టుకోని రాఖ్‌మానినోఫ్ రెండో కాన్సర్టో వాయించాడు. ఆరేళ్ళ కిందటి వార్సా మెడల్ ఆ రాత్రి వేళ్ళకి సాయం రాదు. ఇంకా వెనక్కి వెళ్తే, 1974లో మాస్కో పియానో పోటీలో రెండో బహుమతి తెచ్చిన కొరియన్ చుంగ్ మ్యుంగ్‌హున్‌ని సియోల్‌లో కార్ల మీద ఊరేగించారు. ఆయన తర్వాత పియానో పక్కనపెట్టి ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ అయ్యాడు, ఇటలీలో మిలాన్‌లోని లా స్కాలా ఒపెరా హౌస్‌కి 2027 నుంచి సంగీత దర్శకుడిగా ఎన్నికయ్యాడు. సెటిల్ అంటే ఏమిటో మీరే చెప్పండి.

చివరగా, "నాకు ముప్ఫై అయిదు, నేను నేర్చుకోవచ్చా" అని సిగ్గుపడుతూ అడిగేవాళ్ళకి: రండి. 88 కీలు, బరువున్న కీలు ఉన్న డిజిటల్ పియానో చాలు, మొదటి రోజే పెద్ద గ్రాండ్ పియానో అక్కర్లేదు. స్టూలు ఎత్తు సరిచూసుకోండి, మోచెయ్యి కీల ఎత్తుకి రావాలి. గోళ్ళు మాత్రం కత్తిరించుకుని రండి, ఆ టకటక శబ్దం నేను భరించలేను.