వేసవి పెరటిలో కోడిపెట్ట, నిమ్మ సీతాకోకచిలుక

రోహిణి కార్తెలో మధ్యాహ్నపు ఎండ 42 డిగ్రీలు దాటిన రోజున, నాలుగు నిమ్మ చెట్లూ పది నాటుకోళ్లూ ఉన్న ఒక రైతు ఇంటి పెరటిని కాసేపు గమనిస్తే, ఒకే ఎండను రెండు జీవులు పూర్తిగా వేర్వేరు పద్ధతుల్లో తట్టుకోవడం కనిపిస్తుంది. కోడి తన ఒంటి వేడిని తానే పుట్టించుకుంటుంది, ఆ వేడిని బయటికి పంపడానికి దారి దొరకక అవస్థ పడుతుంది. సీతాకోకచిలుక ఎగరడానికి కావలసిన వేడిని ప్రధానంగా ఎండ నుంచే తీసుకుంటుంది, అది మోతాదు మించకుండా చూసుకోవడం దాని అవసరం. రెండింటికీ పెరటిలో కావలసినవి మాత్రం నీడ, తడి.

కోడి శరీర ఉష్ణోగ్రత మామూలు రోజుల్లోనే 41 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. దానికి చెమట గ్రంథులు లేవు, పైగా ఒళ్లంతా ఈకలు. గాలి కొంత చల్లగా ఉన్నంతసేపు తలమీది ఎర్రటి జుట్టు, గొంతు కింద వేలాడే తోళ్లు, ఈకలు లేని కాళ్లు వేడిని వదులుతూ ఉంటాయి. ఎండాకాలంలో కోళ్లు రెక్కలను ఒంటికి ఎడంగా పెట్టుకుని నిలబడేది కూడా ఈకలు పలుచగా ఉండే చంకల భాగానికి గాలి తగలడానికే. మెడమీద ఈకలు లేని నాటు రకాలు వేడిని మెరుగ్గా తట్టుకోవడానికి కారణమూ ఇదే; ఆ బోసిమెడ వెనుక ఉన్నది ఒక్క జన్యువులోని తేడా.

బయటి గాలి వేడి ఒంటి వేడిని సమీపించిందంటే ఈ దారులన్నీ మూసుకుపోయి, నీరు ఆవిరి కావడం ఒక్కటే మిగులుతుంది. అప్పుడు కోడి నోరు తెరిచి రొప్పుతుంది. శ్వాస నిమిషానికి 150 సార్లు దాటిపోతుంది, గొంతులోని తడి ఆవిరై కొంత వేడిని తీసుకుపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఈ ఉపాయం కూడా సరిగా పనిచేయదు. అందువల్ల కోస్తా ఉక్కపోతలో 38 డిగ్రీలు, రాయలసీమ పొడి ఎండలో 42 డిగ్రీల కంటే కోళ్లకు ఎక్కువ ప్రమాదం కావచ్చు.

రొప్పడానికి కోడి చెల్లించే మూల్యం గుడ్డు పెంకులో కనిపిస్తుంది. అదే పనిగా రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోయి, రక్తపు క్షారగుణం పెరుగుతుంది. పెంకులో అత్యధిక భాగం కాల్షియం కార్బొనేటే కాబట్టి, అది తయారు కావడానికి కాల్షియంతో పాటు, రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి తయారయ్యే కార్బొనేటు కూడా అందాలి. రొప్పే కోడిలో ఈ రెంటికీ కొరత వస్తుంది, అందులోనూ ఎండకు మేత తగ్గడంతో కాల్షియం మరింత తగ్గుతుంది. వేలితో నొక్కితే చితికిపోయే మే నెల గుడ్లకు మూలం ఇక్కడ ఉంది. ఒక పెంకు పూర్తి కావడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రి పూట జరుగుతుంది. అందుకని ఆల్చిప్పల పొడిని సాయంత్రం చల్లబడ్డాక పెట్టడం మేలు. మేత అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి, నడి మధ్యాహ్నం గింజలు చల్లకుండా తెల్లవారుజామున, పొద్దువాలాక చల్లాలి. నీళ్లు మాత్రం రోజంతా నీడలో, వీలైతే మట్టి తొట్టిలో ఉండాలి.

ఆ తొట్టి చుట్టూ కోళ్లు చిమ్మిన నీళ్లతో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఉదయం పది గంటలలోపు అక్కడికి సీతాకోకచిలుకలు వచ్చి వాలి, గడియారపు స్ప్రింగులా చుట్టుకున్న తొండాన్ని సాగదీసి బురదను పీలుస్తాయి. నీటికంటే ముఖ్యంగా వాటికి కావలసింది అందులోని ఉప్పు. ఆకులు తిని పెరిగిన ప్రాణికి సోడియం చాలా తక్కువగా అందుతుంది, పూల తేనెలోనూ అది దాదాపు ఉండదు. కోళ్ల రెట్ట కలిసిన బురదలో లవణాలూ నత్రజనీ రెండూ దొరుకుతాయి. ఇలా బురద పీల్చేవాటిలో మగవే ఎక్కువ. సీతాకోకచిలుకల దగ్గరి బంధువైన ఒక మాత్ మీద కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1996లో ప్రచురించిన పరిశోధనలో, మగది ఇలా సేకరించిన సోడియాన్ని సంయోగ సమయంలో ఆడదానికి అందించగా, అది గుడ్లలోకి కూడా చేరినట్లు తేలింది.

ఎండ ముదిరాక సీతాకోకచిలుకలు ఆకుల కిందికి చేరి, రెక్కలు మూసుకుని కూర్చుంటాయి. రెక్క అంతా నిర్జీవమైన పొర అనుకోవడం పొరపాటు; దాని ఈనెలలో ద్రవం ప్రవహిస్తుంది, స్పర్శ తెలిసే కణాలుంటాయి. ఆ సజీవ భాగాలు తక్కిన రెక్క కంటే వేడిని త్వరగా బయటికి వెదజల్లేలా నిర్మితమై ఉన్నాయనీ, రెక్కమీద వెలుగు పడి వేడెక్కితే సీతాకోకచిలుక గుర్తించి పక్కకు తిరుగుతుందనీ కొలంబియా, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో చూపారు.

తన తొట్టి బురదతో సీతాకోకచిలుకకు ఉప్పు అందించిన అదే కోడి, దాని పిల్లలైన గొంగళిపురుగులకు శత్రువు. నిమ్మ, కరివేపాకు చెట్ల లేత ఆకులమీద నిమ్మ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. చిన్న గొంగళిపురుగు నలుపు తెలుపు మచ్చలతో, తడి మెరుపుతో అచ్చం పిట్ట రెట్టలా ఆకుమీద పడి ఉంటుంది. చివరిసారి కుబుసం విడిచే ముందు వరకు ఇదే వేషం. ఆ తర్వాత రెట్టగా నమ్మించలేనంత లావెక్కి, ఆకుపచ్చగా మారిపోతుంది. ఈ మార్పు, పురుగును పిల్ల దశలోనే ఉంచే జువెనైల్ హార్మోన్ శరీరంలో తగ్గడంతో జరుగుతుందని, ఇదే ప్రజాతికి చెందిన మరో సీతాకోకచిలుక మీద జపాన్ శాస్త్రవేత్తలు 2008లో నిరూపించారు. పుల్లతో కదిపితే ఆ పురుగు తల వెనుక నుంచి చీలిన కొమ్ములాంటి అవయవాన్ని బయటికి చాపి ఘాటైన వాసన వదులుతుంది. చీమలనూ చిన్న కీటకాలనూ అది చెదరగొట్టవచ్చు గానీ, ఆకలిగా ఉన్న పెట్టను ఆపుతుందన్న భరోసా లేదు.

నిమ్మమొక్క మరీ చిన్నదైతే నాలుగు పురుగులు చాలు, దాన్ని మోడు చేయడానికి. అప్పుడు వాటిని చేత్తో ఏరి పెద్ద చెట్టు ఎత్తు కొమ్మలమీద వదలడం నాకు సరైన పనిగా తోస్తుంది; ఎదిగిన చెట్టుకు కొన్ని ఆకులు పోయినా లెక్కలేదు. పురుగుమందు చల్లడం మాత్రం పెరటిలో వద్దే వద్దు. మందు సోకి రాలిన పురుగును కోళ్లు వెంటనే ఏరుకుని తింటాయి. ఆ మందు అవశేషాలు గుడ్డులోకీ, అక్కడి నుంచి ఇంట్లో పిల్లల కంచంలోకీ చేరవచ్చు.