నాలుగేళ్ళ పిల్లకి మందు అంటే ఏంటో చెప్పాలంటే

మా అక్క కూతురికి అప్పుడు నాలుగేళ్ళు. జ్వరమొచ్చి సిరప్ పోస్తుంటే మూతి అటు తిప్పేసుకుని "మందు తాగితే చెడ్డవాళ్ళు కదా, మరి నాకెందుకు పోస్తున్నారు" అని అడిగింది. పెద్దవాళ్ళ మాటల్లో "వాడు మందు తాగొచ్చి గొడవ చేశాడు" అన్నది ఎప్పుడో చెవిన పడి ఉంటుంది, దాన్ని తీసుకొచ్చి సిరప్‌కి కలిపేసింది. పిల్ల తప్పేం లేదు, చిక్కంతా మన మాటలోనే ఉంది. జ్వరానికి వేసుకునేదీ మందే, తాగి తూలేదీ మందే, ఎలకల్ని చంపేదీ మందే, ఆపరేషన్‌కి ముందు డాక్టర్ ఇచ్చేది మత్తుమందు, పోలీసులు పట్టుకున్నారని టీవీలో చెప్పేది కూడా మత్తుమందే.

చిన్నపిల్లలతో డ్రగ్స్ గురించి మాట్లాడటం మొదలుపెట్టాల్సింది ఇక్కడే అని నేను గట్టిగా నమ్ముతా. గంజాయి, కొకైన్ లాంటి పేర్లు నాలుగేళ్ళ పిల్లకి అక్కర్లేదు. ఆ వయసులో పిల్లలు దేన్నైనా మంచి, చెడ్డ అని రెండు గంపల్లోనే వేస్తారు, ఒకే వస్తువు కొంచెం అయితే మేలు ఎక్కువైతే హాని అన్న ఆలోచన వాళ్ళకి కొత్త. కానీ చూపిస్తే పట్టుకుంటారు. సిరప్ పోసే కప్పు మీద గీత చూపించి, ఈ గీత దాకా అయితే జ్వరం తగ్గుతుంది, దీనికంటే చాలా ఎక్కువ తాగితే ఇదే సిరప్ కడుపులో లివర్ అనే దాన్ని పాడుచేస్తుంది అని చెప్పండి. పారాసిటమాల్ విషయంలో అది అక్షరాలా నిజం, భయపెట్టడానికి కల్పించింది కాదు. ఎవరిస్తున్నారు, ఎంత ఇస్తున్నారు, ఎవరి కోసం రాసిచ్చింది, ఈ మూడు ప్రశ్నలు ఆ వయసులో అలవాటైతే పదిహేనేళ్ళప్పుడు ఎవడో ఏదో మాత్ర చేతిలో పెట్టినప్పుడు కూడా అవే గుర్తొచ్చే అవకాశం ఉంటుంది.

ఇంకో మాట, మాత్రని చాక్లెట్ అని చెప్పి మింగించొద్దు. అమెరికాలో 1940ల చివర్లో పిల్లల కోసం నారింజ రుచితో తియ్యటి ఆస్పిరిన్ తెచ్చారు, పిల్లలు పేచీ పెట్టకుండా వేసుకుంటున్నారని అందరూ సంతోషించారు, తీరా చూస్తే పెద్దవాళ్ళు చూడనప్పుడు సీసా తెరిచి మిఠాయిలా తినేసి ఆస్పత్రి పాలైన పిల్లలు పెరిగిపోయారు. చివరికి 1970లో పిల్లలు తీయలేని మూతలు పెట్టాలని చట్టమే చేయాల్సొచ్చింది.

ఇప్పుడు అసలు గొడవకొద్దాం, భయపెట్టడం. మనలో చాలామందికి తెలిసిన పద్ధతి అదొక్కటే, "ఒక్కసారి ముట్టుకుంటే చచ్చిపోతావ్" అనేస్తాం. దీన్ని పెద్ద ఎత్తున ట్రై చేసి చూసిన దేశం అమెరికానే. 1983లో లాస్ ఏంజెలెస్‌లో డేర్ అనే ప్రోగ్రామ్ మొదలైంది, యూనిఫాంలో పోలీసులు క్లాసుకొచ్చి డ్రగ్స్ ఎంత ప్రమాదమో చెప్పడం, వద్దు అనడం నేర్పించడం, పిల్లలతో ఒట్టు పెట్టించుకోవడం, అలా దేశమంతా పాకింది. తర్వాత రీసెర్చర్లు ఆ క్లాసులు విన్న పిల్లల్నీ విననివాళ్ళనీ పోల్చి చూస్తే డ్రగ్స్ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు, ఒక్క స్టడీ కాదు, చాలా స్టడీలు కలిపి లెక్కేసినా అదే తేలింది. 1998 నుంచి 2004 మధ్య అక్కడి ప్రభుత్వమే దాదాపు 100 కోట్ల డాలర్లు పెట్టి డ్రగ్స్ వద్దని చెప్పే టీవీ యాడ్స్ వేయించింది. ఫలితం లేకపోగా, ఎక్కువ యాడ్స్ చూసిన పిల్లల్లో కొందరికి "ఇంతలా చెబుతున్నారంటే మిగతావాళ్ళంతా గంజాయి వాడుతున్నారన్నమాట" అనే అభిప్రాయం పెరిగినట్టు కూడా కనిపించింది.

ఎందుకిలా అంటే, పిల్లలు మన మాటని కళ్ళతో చెక్ చేసుకుంటారు. ఒక్క సిగరెట్‌కే పోతావని చెప్పిన మర్నాడు పక్కింటి అన్నయ్య సిగరెట్ తాగి నవ్వుతూ తిరుగుతుంటే వాళ్ళకి ఆ ఒక్క మాటే కాదు, మనం చెప్పిన మిగతావన్నీ కూడా అబద్ధాల లెక్కలో పడిపోతాయి. నిజంగా ప్రాణం తీసేదాని గురించి చెప్పినా అప్పుడిక నమ్మరు. అందుకే ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలకి నిజమే చెప్పాలి, మొదట్లో బాగుంటుంది కాబట్టే జనం వాడతారు అన్న నిజంతో సహా. ఈ మాట చెప్పడానికి పెద్దవాళ్ళకి నోరు రాదు, నాకూ మొదట్లో రాలేదు. కానీ అది దాచిపెడితే ఎవరో ఒక ఫ్రెండ్ చెబుతాడు, అప్పుడు ఫ్రెండ్ నిజం చెప్పినవాడూ మనం అబద్ధం చెప్పినవాళ్ళమూ అవుతాం.

మరి బాగుంటే తప్పేంటి అంటారు, అడగాలి కూడా. దానికి నేను చెప్పే పోలిక ఇది. బాగా ఎండలోంచి గదిలోకి వస్తే కాసేపు అంతా చీకటిగా ఉంటుంది కదా, గదిలో వెలుతురు తగ్గలేదు, నీ కళ్ళు ఎండకి సర్దుకుపోయాయి. మెదడు కూడా అంతే. ఆట గెలిచినప్పుడు, అమ్మ దగ్గరకి తీసుకున్నప్పుడు మెదడులో డోపమిన్ అనే కెమికల్ కొంచెం విడుదలవుతుంది, "ఇది బాగుంది, మళ్ళీ చెయ్యి" అని మెదడుకి గుర్తుండేలా చేసేది అదే. డ్రగ్స్ ఆ డోపమిన్‌ని మామూలు కంటే చాలా ఎక్కువగా, ఎండ కొట్టినట్టు వదిలేస్తాయి. రోజూ అలా జరిగితే మెదడు తట్టుకోలేక ఆ కెమికల్‌ని అందుకునే రిసెప్టర్లని తగ్గించేసుకుంటుంది. అప్పుడు ఆట, స్నేహితులు, ఇష్టమైన తిండి ఇవన్నీ ఆ గదిలా చీకటైపోతాయి, డ్రగ్ కూడా మొదట్లో ఇచ్చినంత ఇవ్వదు, అయినా అది లేకపోతే ఉండలేని స్థితి వస్తుంది. కళ్ళు కొన్ని నిమిషాల్లో సర్దుకుంటాయి, మెదడుకి మాత్రం నెలలు పడుతుంది, మెత్ (మెథాంఫెటమిన్) లాంటి బాగా గట్టి డ్రగ్స్ అయితే ఏడాది దాటినా పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఎనిమిదేళ్ళవాడికి రిసెప్టర్ అనే మాట అక్కర్లేదు, ఎండా గదీ చాలు.

చిన్న వయసే ఎందుకంత ముఖ్యం అన్నదానికీ కారణముంది. మనల్ని ఆగు, ఆలోచించు అని పట్టి ఆపే భాగం నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అది పూర్తిగా తయారయ్యేసరికి ఇరవై దాటి ఇంకో నాలుగైదేళ్ళు పడుతుంది. కావాలి కావాలి అనే భాగం మాత్రం టీనేజ్‌లోనే జోరు మీదుంటుంది. అమెరికాలో 1997లో వచ్చిన ఒక పెద్ద స్టడీలో పదిహేనేళ్ళ లోపే ఆల్కహాల్ మొదలుపెట్టినవాళ్ళలో దాదాపు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దానికి బానిసలయ్యారు, ఇరవై తర్వాత మొదలుపెట్టినవాళ్ళలో అది 10 శాతం దగ్గరే ఉంది. ఇందులో కొంత భాగం ఇంటి పరిస్థితులదీ జీన్స్‌దీ కూడా అయ్యుండొచ్చు, మొత్తం నేరం వయసు మీద వేయలేం, అయినా మొదటిసారిని ఎంత వెనక్కి నెడితే అంత మంచిదని చెప్పడానికి ఆ తేడా చాలనిపిస్తుంది.

పెద్దవాళ్ళు మర్చిపోయేది ఇంకోటుంది, జిగురు, పెయింట్ థిన్నర్, వైట్‌నర్, పెట్రోల్ లాంటివి పీల్చడం. డ్రగ్స్ అనగానే మనకి ఎక్కడో చీకటి సందులు గుర్తొస్తాయి కానీ ఇవి ఇంట్లోనే, స్కూల్ బ్యాగులోనే ఉంటాయి. మిగతా డ్రగ్స్ వాడకం వయసుతో పాటు పెరుగుతుంటే ఇవి మాత్రం పన్నెండు పదమూడేళ్ళ పిల్లల్లో ఎక్కువ కనిపిస్తాయి. గుండె కొట్టుకోవడం గతి తప్పి మొదటిసారి పీల్చినప్పుడే ప్రాణం పోయిన సందర్భాలున్నాయి, అంటే "ఒక్కసారికే" అన్న మాట నిజంగా వర్తించేది ఇక్కడ. అయితే చిన్నపిల్లలకి "వీటితో మత్తొస్తుంది" అని చెప్పకండి, లేని ఐడియా ఇచ్చినట్టవుతుంది. ఇవి విషం, వీటి ఆవిరి ఊపిరిలోకి వెళ్ళకూడదు, అందుకే కిటికీలు తీసి వాడతాం అని చెప్పి, నిజంగానే కిటికీలు తీసి వాడండి.

ఇన్ని మాటలు చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి, మాట్లాడటం ఒక్కటే సరిపోదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1985లో ఒకటో తరగతి పిల్లలతో ఒక ఆట ఆడించారు. క్లాసుని టీములుగా చేసి, వారంలో కొన్నిసార్లు ఓ పది నిమిషాల పాటు ఎవరైనా రూల్ తప్పితే వాళ్ళ టీముకి ఒక మార్కు పెట్టడం, తక్కువ మార్కులున్న టీములన్నీ గెలిచినట్టే, అంతే ఆట. డ్రగ్స్ అన్న మాటే ఎత్తలేదు. ఆ పిల్లలు పంతొమ్మిది, ఇరవై ఒకటి మధ్య వయసుకొచ్చాక వెళ్ళి కనుక్కుంటే ఆట ఆడిన క్లాసుల్లోని మగపిల్లల్లో, ముఖ్యంగా చిన్నప్పుడు బాగా దుడుకుగా ఉన్నవాళ్ళలో, డ్రగ్స్ సమస్యలు తక్కువగా ఉన్నాయి. ఆరేళ్ళప్పుడు నేర్చుకున్న కాస్త నిదానం, ఓపిక అన్నేళ్ళ తర్వాత పనికొచ్చాయి. ఈ రీసెర్చ్ గురించి చదివిన రోజు నాకు చాలా ధైర్యం వచ్చింది.

ఇంట్లోనే తాగుడు ఉన్న పిల్లల సంగతి వేరు, వాళ్ళకి ప్రమాదం గురించి మనం కొత్తగా చెప్పేదేం లేదు, రోజూ చూస్తున్నారు. చిన్నపిల్లలు ఏది జరిగినా తమ వల్లే జరిగిందనుకుంటారు, నేను అల్లరి చేశా కాబట్టి నాన్న తాగుతున్నాడు అనుకునే పిల్లలు నిజంగా ఉన్నారు. వాళ్ళకి కావాల్సింది, ఇది నీ వల్ల వచ్చింది కాదు, నువ్వు మాన్పించలేవు, మాన్పించడం నీ పని కాదు, ఇదొక జబ్బు, దీనికి వైద్యం ఉంది అన్న నాలుగు ముక్కలు. ఒకసారి చెప్తే ఎక్కవు, మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఆ పిల్లల ముందు తాగేవాళ్ళని ఛీ తూ అనకూడదు కూడా, మనం తిట్టేది ఆ పిల్ల నాన్ననే కదా.

మీరే సిగరెట్ తాగుతుంటే, "మరి నువ్వెందుకు తాగుతున్నావ్" అని ఏదో ఒక రోజు అడుగుతారు. కసురుకోకండి, పెద్దయ్యాక నీకే తెలుస్తుందని దాటేయకండి. "మొదలుపెట్టినప్పుడు మానడం ఇంత కష్టమని నాకు తెలీదు, మానాలని చూస్తున్నా, ఇంకా అవ్వట్లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పొచ్చు, ఈ అలవాటు ఎంత గట్టిగా పట్టుకుంటుందో మీ నోటి నుంచి వినడం కంటే పెద్ద సాక్ష్యం ఆ పిల్లకి ఇంకెక్కడ దొరుకుతుంది. పిల్లలు మూడో తరగతికొచ్చేలోపు తల్లిదండ్రులు మానేసిన ఇళ్ళలో, ఆ పిల్లలు పదిహేడు పద్దెనిమిదేళ్ళకి రోజూ సిగరెట్ తాగేవాళ్ళుగా మారడం తక్కువని కూడా రీసెర్చర్లు చూశారు.