చక్కెర, చట్టం, చిన్నపిల్లలు

1990లో ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ల వయసువారిలో ఊబకాయం ఉన్నవారు సుమారు 3 కోట్ల 10 లక్షల మంది. 2022 నాటికి ఆ సంఖ్య 16 కోట్లకు చేరిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఊబకాయం స్థాయికి చేరకపోయినా ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్న వారిని కూడా కలిపితే మొత్తం 39 కోట్లు దాటుతుంది. అంటే ఆ వయసువారిలో ప్రతి ఐదుగురిలో ఒకరు. మనుషుల జన్యువులు మారడానికి ముప్ఫై రెండేళ్లు చాలవు. ఇన్ని దేశాల పిల్లలందరికీ ఒకే కాలంలో తిండి మీద అదుపు తప్పిందని అనుకోవడం కూడా పొసగదు. మారినవల్లా పిల్లలకు అందే ఆహారం, దాని ధర, దాన్ని వారి కళ్లముందు ఉంచే ప్రకటనలు, వారు ఆడుకునే చోటు, బడికి వెళ్లే దారి. వీటిలో చాలా భాగం పన్నులు, లైసెన్సులు, పంటలకు ఇచ్చే రాయితీలు, బడుల్లో పెట్టే భోజనానికి ప్రభుత్వం జరిపే కొనుగోళ్లు, వీధుల నిర్మాణం వంటి ప్రభుత్వ నిర్ణయాల మీదే ఆధారపడి ఉంది. అందువల్ల పిల్లల బరువు విషయంలో ప్రభుత్వం జోక్యం చేసుకోవచ్చా అన్న ప్రశ్న నాకు సరైన ప్రశ్నగా తోచదు. జోక్యం ఎప్పటినుంచో ఉంది. అది ఏ దిశగా సాగాలన్నదే తేలవలసిన విషయం.

పెద్దవారిలో ఊబకాయాన్ని బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 30 అన్న ఒకే హద్దుతో గుర్తిస్తారు. పిల్లలు ఎదుగుతూ ఉంటారు కనుక వారికి ఆ హద్దు పనికిరాదు. వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నదాన్ని బట్టి వేరువేరు ప్రమాణాలు ఉంటాయి. ఈ కొలత ఒక జనసమూహం ఎటు పోతోందో చూపించడానికి బాగా పనికివస్తుంది కానీ, ఒక్కొక్క పిల్లవాడి ఆరోగ్యం మీద తీర్పు చెప్పడానికి అదొక్కటే చాలదు.

చికిత్సకన్నా నివారణకే ప్రాధాన్యం ఇవ్వాలని ఎందుకంటారో శరీర నిర్మాణాన్ని చూస్తే అర్థమవుతుంది. మన ఒంట్లో కొవ్వు కణాల సంఖ్య దాదాపుగా బాల్యంలోనూ కౌమారంలోనూ స్థిరపడుతుందని 2008లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. పెద్దయ్యాక బరువు బాగా తగ్గినా ఆ కణాలు చిన్నవవుతాయే తప్ప వాటి సంఖ్య తగ్గదు. ఏటా సుమారు పదో వంతు కణాలు చనిపోతూ ఉన్నా, వాటి స్థానంలో దాదాపు అన్నే కొత్తవి పుడతాయి. కౌమారంలో ఊబకాయం ఉన్నవారిలో సుమారు 80 శాతం మందికి పెద్దయ్యాక కూడా అది కొనసాగుతుందన్న అంచనా దీనికి తగినట్టే ఉంది. కాబట్టి పదిహేనేళ్ల వయసులో మొదలుపెట్టే ప్రయత్నం చాలావరకు ఆలస్యమైపోయిన ప్రయత్నమే.

మరి ఎంత ముందుగా మొదలుపెట్టాలి? దీనికి బ్రిటన్ చరిత్రలో ఒక అనుకోని ప్రయోగం ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ చక్కెరకు రేషన్ పెట్టారు. అది 1953 సెప్టెంబరులో ముగిసింది. ఆ వెంటనే సగటు వాడకం రోజుకు సుమారు 40 గ్రాముల నుంచి 80 గ్రాములకు, అంటే రెట్టింపుకు చేరింది. ఆ తేదీకి కొంచెం అటూ ఇటూగా పుట్టినవారి ఆరోగ్య వివరాలను దశాబ్దాల తర్వాత పోల్చి చూడగా, తల్లి కడుపులో పడినప్పటి నుంచి తొలి వెయ్యి రోజుల్లో రేషన్ కాలాన్ని చూసినవారికి టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం సుమారు 35 శాతం, అధిక రక్తపోటు వచ్చే అవకాశం సుమారు 20 శాతం తక్కువగా ఉన్నట్టు 2024లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఆ రేషన్ ఆరోగ్యం కోసం పెట్టినది కాదు, కరువు రోజుల్లో ఉన్నది అందరికీ సమంగా పంచడానికి పెట్టినది. అలాగని ఇప్పుడు రేషన్ పెట్టమని ఎవరూ అడగడం లేదు. ప్రభుత్వ నిర్ణయం ఒకటి పసిపిల్లలకు అందే చక్కెరను సగానికి దించితే, దాని ఫలితం యాభై అరవై ఏళ్ల తర్వాత కూడా కొలవగలిగేంత స్పష్టంగా ఉంటుందని మాత్రం దీనివల్ల తెలిసింది.

అయినా ప్రభుత్వాలు సాధారణంగా ముందుగా చేపట్టేది ఉపదేశం. పాఠ్యపుస్తకంలో ఒక పాఠం, గోడ మీద ఒక పటం, వారానికొక వ్యాయామ కార్యక్రమం. ఖర్చు తక్కువ, ఎవరికీ కోపం రాదు. వీటి ఫలితాన్ని నిష్పక్షపాతంగా పరీక్షించినప్పుడు మాత్రం నిరాశే ఎక్కువగా మిగిలింది. ఇంగ్లండ్‌లోని వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో 54 ప్రాథమిక పాఠశాలల్లో ఆరేడేళ్ల పిల్లలతో పెద్ద ప్రయోగం జరిగింది. రోజూ అదనపు వ్యాయామం, కుటుంబాలకు వంట శిక్షణ, ఇంటికి సమాచారం అందించారు. ఏడాదిపాటు ఇంత శ్రద్ధగా నడిపినా పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2018లో ఫలితాలు వెల్లడించారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో పిల్లల బీఎంఐని కొలిచి, ఆ నివేదికను తల్లిదండ్రులకు పంపే పద్ధతిని పరీక్షిస్తే బరువు తగ్గలేదు సరికదా, తమ శరీరం పట్ల పిల్లలకున్న అసంతృప్తి కాస్త పెరిగింది. ఉపాధ్యాయులదో తల్లిదండ్రులదో తప్పని దీని అర్థం కాదు. బడిలో గంటసేపు చెప్పిన మాట, బడి గేటు దాటాక రోజంతా ఎదురయ్యే పరిసరాల ముందు నిలబడలేకపోయింది, అంతే.

పరిసరాలను మార్చిన చోట కథ వేరుగా ఉంది. తీపి పానీయాలనే తీసుకుందాం. నెదర్లాండ్స్‌లో 4 నుంచి 11 ఏళ్ల వయసున్న 641 మంది పిల్లలకు ఏడాదిన్నర పాటు రోజుకొక 250 మిల్లీలీటర్ల డబ్బా పానీయం ఇచ్చారు. సగం మందికి ఇచ్చిన దాంట్లో చక్కెర, మిగతా సగానికి ఇచ్చిన దాంట్లో కెలోరీలు లేని తీపి పదార్థం. ఎవరు ఏది తాగుతున్నారో పిల్లలకు గానీ, ప్రయోగం నడిపేవారికి గానీ తెలియదు. చక్కెర పానీయం తాగినవారు సగటున 7.37 కిలోలు, రెండోది తాగినవారు 6.35 కిలోలు పెరిగారు. రోజుకు సుమారు వంద కెలోరీల తేడా, ఒక కిలో బరువుగా మారింది. ద్రవరూపంలో లోపలికి వెళ్లిన కెలోరీలు ఆకలిని పెద్దగా తీర్చవు కనుక, ఆ మేరకు పిల్లలు తిండి తగ్గించుకోలేదు. మొత్తం కెలోరీల్లో విడిగా కలిపిన చక్కెర పదో వంతు మించకూడదని, వీలైతే ఇరవయ్యో వంతుకు తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 1600 కెలోరీలు కావలసిన పిల్లవాడికి పదో వంతు అంటే 40 గ్రాములు. మామూలు 330 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కటే అందులో 35 గ్రాములు పూర్తిచేస్తుంది.

ఇక్కడే పన్ను ప్రవేశిస్తుంది. మెక్సికో 2014 జనవరి 1 నుంచి తీపి పానీయాల మీద లీటరుకు ఒక పేసో పన్ను వేసింది. మొదటి రెండేళ్లలో వాటి కొనుగోళ్లు సగటున 7.6 శాతం తగ్గాయి. ఇది ధర పెంచి కొనేవాడిని ఆపే పద్ధతి. బ్రిటన్ పద్ధతి ఇంకొంచెం తెలివైనదని నా అభిప్రాయం. అక్కడ 2016 మార్చిలో ప్రకటించి 2018 ఏప్రిల్‌లో అమలుచేసిన పన్ను అమ్మకం మీద కాకుండా చక్కెర మోతాదు మీద ఆధారపడింది. అమలైన కొత్తలో వంద మిల్లీలీటర్లలో 8 గ్రాములు లేదా అంతకు మించి చక్కెర ఉంటే లీటరుకు 24 పెన్నీలు, 5 నుంచి 8 గ్రాముల లోపు ఉంటే 18 పెన్నీలు, 5 గ్రాముల లోపు ఉంటే ఏమీ లేదు. ప్రకటనకూ అమలుకూ మధ్య ఉన్న రెండేళ్లలో ఏం జరగాలని ప్రభుత్వం ఆశించిందో అదే జరిగింది. కంపెనీలు పన్ను తప్పించుకోవడానికి తమ పానీయాల్లో చక్కెరను తగ్గించాయి. 5 గ్రాముల హద్దుకు పైన ఉన్న పానీయాలు 2015 సెప్టెంబరులో 49 శాతం ఉంటే 2019 ఫిబ్రవరి నాటికి 15 శాతానికి పడిపోయాయి. పిల్లలు తమకు ఇష్టమైన సీసానే కొన్నారు, అందులో చక్కెర మాత్రం తగ్గింది. ఎవరి మనోనిబ్బరమూ పరీక్షకు నిలబడవలసిన అవసరం రాలేదు. బడులలో తీసిన కొలతల ఆధారంగా, 10-11 ఏళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం, ఆ పన్ను లేకుంటే ఉండగల స్థాయికన్నా సుమారు 8 శాతం తక్కువగా ఉందని, అంటే ఏటా దాదాపు 5 వేల కేసులు తప్పాయని 2023లో లెక్కగట్టారు. అదే వయసు మగపిల్లల్లో అలాంటి తగ్గుదల కనబడలేదు, అంతకన్నా చిన్నవారిలోనూ కనబడలేదు. ఒక్క పన్నుతో సమస్య తీరుతుందని చెప్పేవారు ఈ సగం ఫలితాన్ని కూడా చూడాలి.

పన్నులన్నీ ఇలా పనిచేయవు. డెన్మార్క్ 2011 అక్టోబరులో సంతృప్త కొవ్వుల మీద పన్ను వేసి, 2013 మొదట్లోనే ఎత్తేసింది. వెన్న, మాంసం వంటి రోజువారీ ఆహారం మీద కూడా భారం పడింది, జనం సరిహద్దు దాటి కొనుక్కోవడం మీద గొడవ మొదలైంది. లక్ష్యం ఇరుకుగా ఉండి, దానికి ప్రత్యామ్నాయం సులువుగా దొరికే చోట పన్ను నిలబడుతుంది. ఈ విషయంలో తీపి పానీయాలు చాలా అనువైనవి, ఎందుకంటే వాటిని మానేసినంత మాత్రాన పిల్లల పోషణకు ఏ లోటూ రాదు.

ప్రకటనల విషయం ధరకన్నా సున్నితమైనది. సుమారు ఏడెనిమిదేళ్ల వయసు వచ్చేవరకు, ప్రకటన తనతో ఏదో కొనిపించడానికి చేసిన ప్రయత్నమని పిల్లలకు సరిగా తెలియదు. 2007లో అమెరికాలో 3 నుంచి 5 ఏళ్ల వయసున్న 63 మంది పిల్లలకు ఒకే ఆహారాన్ని రెండు రకాల కాగితాల్లో చుట్టి ఇచ్చారు. ఒకదాని మీద ప్రసిద్ధ ఫాస్ట్‌ఫుడ్ సంస్థ గుర్తు, మరొకటి ఖాళీ. గుర్తు ఉన్నదే రుచిగా ఉందని ఎక్కువమంది చెప్పారు, చివరికి ఆ సంస్థ అప్పుడు అమ్మని క్యారెట్ల విషయంలో కూడా. ఒప్పందం అర్థం కాని వయసువారితో చేసుకున్న ఒప్పందాన్ని ఏ న్యాయస్థానమూ అంత సులువుగా గుర్తించదు. ప్రకటనల దగ్గర మాత్రం ఆ సూత్రం చాలా దేశాల్లో నిద్రపోతోంది. కెనడాలోని క్విబెక్ ప్రాంతం 1980లోనే 13 ఏళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలను నిషేధించింది. ఒక బొమ్మల కంపెనీ కోర్టుకెక్కగా, భావప్రకటనా స్వేచ్ఛకు భంగం కలిగినా పిల్లల రక్షణ కోసం అది సమంజసమైన పరిమితేనని కెనడా సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పింది.

చిలీ ఇంకా దూరం వెళ్లింది. 2016 జూన్ నుంచి అక్కడ చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కెలోరీలు హద్దు దాటిన ప్యాకెట్ల మీద నల్లని ఎనిమిది మూలల హెచ్చరిక గుర్తు ఉండాలి. ఆ గుర్తు పడిన వస్తువును బడిలో అమ్మకూడదు, 14 ఏళ్ల లోపు పిల్లలకు ప్రకటనలు చేయకూడదు, పెట్టె మీద కార్టూన్ బొమ్మలు వేయకూడదు. ఈ చట్టంలో మెచ్చుకోవలసినది నల్ల గుర్తు ఒక్కటే కాదు, ఒకే కొలమానంతో మూడు చోట్ల తలుపులు మూయడం. మొదటి దశలోనే తీపి పానీయాల కొనుగోళ్లు సుమారు 24 శాతం తగ్గాయని తర్వాతి అధ్యయనం చూపింది. అయితే కొనుగోళ్లు తగ్గడం వేరు, పిల్లల బరువు తగ్గడం వేరు. మొదటిది నెలల్లో తెలుస్తుంది, రెండోది ఏళ్లు పడుతుంది.

బడి భోజనం ప్రభుత్వం చేతిలో పూర్తిగా ఉన్న సాధనం. అమెరికా 2010లో చేసిన చట్టం వల్ల 2012 నుంచి బడుల్లో పండ్లు, కూరగాయలు, ముడిధాన్యాలు పెరిగాయి. దీని మీద 2020లో వెలువడిన అధ్యయనంలో ఒక విశేషం ఉంది. మొత్తం పిల్లలను కలిపి చూస్తే స్పష్టమైన తేడా లేదు; పేద కుటుంబాల పిల్లల్లో మాత్రం, చట్టం లేకుంటే 2018 నాటికి ఊబకాయం ఉన్న స్థాయికన్నా 47 శాతం ఎక్కువగా ఉండేది. బడిలో తినేదే రోజులో ముఖ్యమైన తిండి అయిన పిల్లలకు ఆ పళ్లెంలో ఏముందన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఇంగ్లండ్‌లో 2005-06 నుంచి ఏటా జరుపుతున్న కొలతల్లో కూడా అత్యంత పేద ప్రాంతాల పిల్లల్లో ఊబకాయం సంపన్న ప్రాంతాలకన్నా రెట్టింపు స్థాయిలో కనబడుతుంది. అదే కొలతలు మరో సంగతి బయటపెట్టాయి. కోవిడ్ కారణంగా బడులు మూతపడిన తర్వాత, బడిలో చేరే వయసు పిల్లల్లో ఊబకాయం 9.9 శాతం నుంచి ఒక్క ఏడాదిలో 14.4 శాతానికి ఎగబాకింది. బడి భోజనం, ఆటలు, నిద్రవేళల క్రమం అన్నీ ఒక్కసారిగా తప్పితే ఏమవుతుందో అంత వేగంగా చూపిన సందర్భం మరొకటి లేదు. ఏటా కొలిచే ఏర్పాటు ముందే ఉండబట్టి ఆ సంగతి తెలిసింది. చాలా దేశాల్లో ఆ ఏర్పాటే లేదు.

తల్లిదండ్రుల బాధ్యతను ప్రభుత్వం లాగేసుకుంటోందన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కాకపోతే పైన చెప్పిన చర్యల్లో ఏదీ ఇంట్లో ఏం వండాలో చెప్పదు. అవన్నీ తయారీదారు మీదా, ప్రకటనకర్త మీదా, ప్రభుత్వం సొంత వంటశాల మీదా పెట్టిన నిబంధనలు. బరువెక్కువున్న పిల్లలను వేలెత్తి చూపే ప్రచారాలకూ వీటికీ ఉన్న పెద్ద తేడా అదే.

అసలు అడ్డంకి చాలాసార్లు సిద్ధాంతం కాదు, వాయిదా. చక్కెర, కొవ్వు, ఉప్పు ఎక్కువున్న ఆహారాల ప్రకటనలను రాత్రి తొమ్మిదికి ముందు టీవీలోనూ, చెల్లింపు ప్రకటనల రూపంలో ఇంటర్నెట్‌లోనూ ఆపే చట్టాన్ని బ్రిటన్ 2022లో చేసింది. 2023 జనవరిలో అమలు కావలసిన ఆ నిబంధన ఒకదాని తర్వాత ఒకటిగా వాయిదా పడి, 2026 జనవరి 5న అమల్లోకి వచ్చింది. ఈలోపు పరిశ్రమ కోరిక మేరకు, ఫలానా వస్తువును చూపకుండా కంపెనీ పేరును మాత్రమే చూపే ప్రకటనలకు మినహాయింపు కూడా దొరికింది. ఖాళీ కాగితానికీ గుర్తున్న కాగితానికీ తేడా చెప్పగల మూడేళ్ల పిల్లలకు ఆ పేరు ఒక్కటి చాలునన్న సంగతి ఆ మినహాయింపు కోరినవారికి తెలియనిది కాదు.