గుంజ నుంచి వెలి దాకా

ఎవరైనా సహించలేనంత దారుణంగా ప్రవర్తిస్తే ఇంగ్లిషులో 'బియాండ్ ద పేల్' అంటారు. పాలిపోయిన రంగుని చెప్పే 'పేల్'కీ దీనికీ చుట్టరికం లేదు. ఇది లాటిన్ 'పాలుస్' నుంచి వచ్చింది, అంటే నేలలో దిగ్గొట్టిన గుంజ. స్తంభాన్ని చెప్పే 'పోల్', గుంజల దడిని చెప్పే 'పాలిసేడ్' కూడా దాని పిల్లలే. గుంజలు వరసగా పాతితే దడి అవుతుంది, దడి చుట్టూ తిరిగొస్తే లోపలి నేల ఎవరో ఒకరిదైపోతుంది. ఇంగ్లిషులో ఈ మాట అర్థం కూడా అలాగే పెరిగింది: గుంజ, దడి, చివరికి దడి లోపలి ప్రాంతం.

ఐర్లండ్‌లో డబ్లిన్ చుట్టూ ఇంగ్లిషు రాజు మాట చెల్లిన ప్రాంతాన్ని 'ద పేల్' అనేవారు. దాని సరిహద్దు పొడవునా కందకం తవ్వి 6 అడుగుల కట్ట పోయాలని 1494-95లో ద్రోహెడాలో కూడిన పార్లమెంటు చట్టం చేసింది. 'బియాండ్ ద పేల్' అక్కడే పుట్టిందని చాలామంది గట్టిగా చెబుతారు గానీ నాకు నమ్మకం లేదు, ఎందుకంటే సహించరానిది అనే అర్థంలో ఆ వాడుక అచ్చులో కనిపించేసరికి ఐర్లండ్ పేల్ ఎప్పుడో చెరిగిపోయింది. పైగా 15వ శతాబ్దం నుంచే 'చర్చి పేల్' అని, మతం గీసిన హద్దుకి కూడా ఈ మాట వాడేవారు. మన 'వెలి'కి ఇది చాలా దగ్గర. వెలి అంటే బయట, అంతే, కానీ ఒక మనిషిని వెలివేశారంటే ఆ చిన్న మాట ఎంత బరువెక్కుతుందో మనకి తెలుసు.

నన్ను ఎక్కువగా కలచివేసేది రష్యా సంగతి. 1791లో రెండో కేథరిన్ ఆజ్ఞతో మొదలై 1917 దాకా, అక్కడి యూదుల్లో అత్యధికులు సామ్రాజ్యపు పడమటి ప్రాంతాల్లోనే బతకాల్సి వచ్చింది. 19వ శతాబ్దం చివరికి అలా సుమారు 50 లక్షల మంది ఉన్నారు. రష్యన్‌లో ఆ ప్రాంతం పేరులో ఉన్నది 'చెర్తా', అంటే గీత. ఇంగ్లిషు వాళ్లు దాన్ని 'పేల్' అని అనువదించారు. కాగితం మీద గీత కన్నా పాతిన గుంజలే ఆ జీవితాలకి సరిగ్గా సరిపోయాయని నాకనిపిస్తుంది.

ఇంకా వెనక్కి వెళితే, పాలుస్‌కి మూలం బిగించడం అనే అర్థమున్న ఒక పాత ఇండో-యూరోపియన్ ధాతువు అని భాషావేత్తలు చెబుతారు. ఒప్పందాన్ని చెప్పే 'పాక్ట్', శాంతిని చెప్పే 'పీస్' అందులోంచే వచ్చాయి, సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న పాశం కూడా. అంటే రోమన్లు పొలంలో పాతిన గుంజా, యముడి చేతిలోని తాడూ ఒకే ఇంటివన్నమాట.