నగరాల్లో మహిళల భద్రత: కృత్రిమ మేధ దాకా వచ్చిన దారి

ఆపదలో ఉన్న మహిళ ముఖకవళికలను కృత్రిమ మేధ సాయంతో పసిగట్టి, దగ్గరలోని పోలీసులకు వెంటనే సమాచారం పంపే కెమెరాలను ఏర్పాటు చేస్తామని 2021 జనవరిలో లక్నో పోలీసులు ప్రకటించారు. వేధింపులు ఎక్కువగా ఉన్నాయని భావించిన 200 ప్రాంతాలను ఇందుకోసం గుర్తించారు. ఎండకు చిట్లించుకున్న ముఖానికీ భయపడిన ముఖానికీ తేడా యంత్రానికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది. అసలు అలాంటి ప్రతిపాదన దాకా ఎలా వచ్చామో తెలియాలంటే కొన్నేళ్లు వెనక్కి వెళ్లాలి.

2012 డిసెంబరు 16న ఢిల్లీలో కదులుతున్న బస్సులో జరిగిన అఘాయిత్యం తర్వాత ఏర్పాటైన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ నెల రోజుల్లోనే నివేదిక ఇచ్చింది. అత్యాచారానికి మరణశిక్షను సిఫారసు చేయని ఆ కమిటీ, పోలీసు వ్యవస్థ సంస్కరణలపై మాత్రం గట్టిగా పట్టుబట్టింది. 2013 కేంద్ర బడ్జెట్‌లో రూ.1,000 కోట్లతో నిర్భయ నిధి ఏర్పడింది. దాని కిందనే 2018లో హైదరాబాద్ సహా ఎనిమిది నగరాలకు సేఫ్ సిటీ పథకం మంజూరైంది. లక్నో కూడా ఆ ఎనిమిదింటిలో ఒకటి.

హైదరాబాద్ కథ కాస్త భిన్నమైనది. ఇక్కడ జనం గుమిగూడే సంస్థల్లో కెమెరాలను తప్పనిసరి చేసిన ప్రజా భద్రత చట్టం, దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లు జరిగిన 2013లోనే వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, కారెక్కిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిపై జరిగిన అత్యాచారం ఐటీ ప్రాంతాన్ని వణికించింది. తెలంగాణ ఏర్పడ్డాక, 2014 అక్టోబరు 24న షీ టీమ్స్ మొదలయ్యాయి. బస్టాపుల్లో, కళాశాలల దగ్గర మఫ్టీలో నిలబడి, వేధించేవారిని వీడియో తీసి, ఆ సాక్ష్యంతో కేసు పెట్టే ఈ పద్ధతిలో యంత్రం పాత్ర చిన్నది, మనిషి పాత్ర పెద్దది. దాని బలం అక్కడే ఉందని నా నమ్మకం.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర జరిగిన దిశ ఘటనలో బయటపడిన లోపం కెమెరాలది కాదు. కూతురు కనిపించడం లేదని పరుగెత్తుకొచ్చిన కుటుంబానికి, ఇది మా స్టేషన్ పరిధి కాదన్న మాట ఎదురైంది. విధి నిర్వహణలో జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. అయినా ఆ తర్వాతి ఏళ్లలో ఎక్కువగా కనిపించింది నిఘా విస్తరణే. నగరమంతటి కెమెరాలను ఒకచోట చూసే కమాండ్ కంట్రోల్ కేంద్రం 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైంది.

ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను తెలంగాణ పోలీసులు 2018 నుంచే వాడుతున్నారు. దాని చట్టబద్ధతను ప్రశ్నిస్తూ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. కచ్చితత్వం మీద సందేహాలు కూడా చిన్నవి కావు. ఢిల్లీలో తప్పిపోయిన పిల్లల కోసం వాడిన వ్యవస్థ మగపిల్లలకూ ఆడపిల్లలకూ తేడా కూడా పోల్చలేకపోతోందని 2019లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖే హైకోర్టుకు తెలిపింది. అమెరికాలో 2018లో వెలువడిన ఒక అధ్యయనం, ముఖాన్ని చూసి ఆడో మగో చెప్పే సాఫ్ట్‌వేర్లు నల్లని చర్మం గల మహిళల విషయంలో 34.7 శాతం దాకా పొరబడుతున్నాయని తేల్చింది. ఎవరి రక్షణ కోసం అంటున్నామో వారి విషయంలోనే ఎక్కువ తప్పులు చేసే పరికరాన్ని నమ్మి వీధిలో పెట్టడం నాకు ఆందోళన కలిగించే సంగతి.

దీనికి సమాంతరంగా మరో ధోరణి నడిచింది. 1989లో టొరంటోలోని మెట్రాక్ సంస్థ, మహిళలే తమ వీధుల్లో నడిచి చీకటి మూలలనూ నిర్మానుష్య స్థలాలనూ నమోదు చేసే భద్రతా తనిఖీలను రూపొందించింది. మన దేశంలో 2013లో కల్పనా విశ్వనాథ్, ఆశిష్ బసు నెలకొల్పిన సేఫ్టీపిన్ అనే సంస్థ ఆ పద్ధతిని ఫోన్‌లోకి తెచ్చింది. వెలుతురు, నడకదారి, జనసంచారం, రవాణా సదుపాయం వంటి అంశాలపై వీధికి మార్కులు వేస్తుంది. వాహనంలో తిరుగుతూ తీసిన ఫొటోలను విశ్లేషించడానికి యంత్ర అభ్యసనాన్ని (మెషీన్ లెర్నింగ్) వాడుతుంది. ఇక్కడ యంత్రం చూసేది వీధిని. స్త్రీ ముఖంతో దానికి పని లేదు.

ఇవేవీ చేరలేని చోటు ఇల్లు. 2022 జాతీయ నేర గణాంకాల ప్రకారం మహిళలపై నమోదైన 4,45,256 కేసుల్లో 31.4 శాతం భర్త, అతని బంధువుల క్రూరత్వానికి సంబంధించినవే.

తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో తెచ్చిన టీ-సేఫ్ అనే సేవ, ఒంటరిగా ప్రయాణించే మహిళ కోరితేనే ఆమె ప్రయాణాన్ని గమనిస్తుంది. ప్రమాదం అనిపిస్తే గస్తీ వాహనానికి కబురు పంపుతుంది. అడిగినవారినే గమనించడం ఇందులోని మంచి. కబురందిన ఎన్ని నిమిషాలకు ఆ వాహనం ఆమె దగ్గరికి చేరుతోందన్న లెక్క పోలీసు కమిషనరేట్ల వారీగా క్రమం తప్పకుండా ప్రజల ముందుకు రావాలి.